పెద్ద కుక్క మోచేతికి నీరు పడితే

గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్క గట్టి నేల మీద పడుకుంటుంటే పక్కనున్నవాళ్లకు ‘ఠక్’మని వినిపిస్తుంది. ఒళ్లు కొంతవరకు నెమ్మదిగానే దించి, ఆఖరి రెండు మూడు అంగుళాల దగ్గర ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ చప్పుడు మోచేతి ఎముకది. 50, 60 కిలోల జంతువు రోజంతా లేస్తూ పడుకుంటూ ఉంటే ఆ ఎముక కొసకు ఎన్ని దెబ్బలు తగులుతాయో లెక్క వేసుకోండి.

కొన్నాళ్లకు ఆ కొస మీద మెత్తగా ఓ బుడ్డ లేస్తుంది. మొదట గోళీ అంత ఉంటుంది. పట్టించుకోకపోతే బంతి అంత అవుతుంది. వేలితో నొక్కితే లోపల నీరు కదులుతున్నట్టు తెలుస్తుంది. కుక్కకు మాత్రం చీకూ చింతా ఉండదు. కుంటదు, ముట్టుకున్నా మూలగదు. కంగారంతా ఇంట్లోవాళ్లదే. పశువైద్యులు దీన్ని హైగ్రోమా అంటారు. తడి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు.

ముందు కాలి మోచేయి వెనక పొడుచుకు వచ్చే ఎముక కొసను ఓలెక్రానాన్ అంటారు. అక్కడ ఎముకకూ నేలకూ మధ్య చర్మం తప్ప చెప్పుకోదగ్గ అడ్డు ఏమీ లేదు. కండ లేదు, కొవ్వు లేదు. ఒంటెకు రొమ్ము కింద, కాళ్ల కీళ్ల దగ్గర మందంగా దిండ్లలాంటి చర్మం ఉంటుంది కాబట్టి ఎంత బరువున్నా హాయిగా కూలబడుతుంది. కుక్కకు ఆ ఏర్పాటు లేదు. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే చర్మం కింది కణజాలం నలుగుతుంది, సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి, చుట్టుపక్కల నుంచి ద్రవం ఊరి చేరుతుంది. శరీరం దాని చుట్టూ గట్టి పీచు కణజాలంతో గోడ కడుతుంది. లోపలి నీరు పసుపుగా గానీ కొద్దిగా ఎర్రగా గానీ ఉంటుంది. కీలుకూ ఈ తిత్తికీ సంబంధం లేదు. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇదే: పరుపు దొరకని చోట శరీరం తనకు తానే ఓ నీటి పరుపు వేసుకుంటోంది. అక్కడ జబ్బు కంటే ముందు చూడాల్సింది నేల.

ఇది ఎక్కువగా 6 నుంచి 18 నెలల వయసు కుక్కల్లో కనిపిస్తుంది. గ్రేట్ డేన్, మాస్టిఫ్, సెయింట్ బెర్నార్డ్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఆ వయసుకు బరువు వచ్చేస్తుంది కానీ మోచేతుల మీద చర్మం ఇంకా కాయ కాచి ఉండదు. పనిచేసే చేతులకు కాయలు కాచినట్టే పెద్ద కుక్క మోచేతులకూ కాస్తాయి. వెంట్రుకలు రాలి, బూడిదరంగులో మొద్దుబారిన ఆ చర్మం చూడటానికి బాగుండదు గానీ అదే దాని కవచం. అందుకని దాన్ని గీకి తీసే ప్రయత్నం చేయకండి. పగిలినా, రసి కారినా అప్పుడు వైద్యుడికి చూపించాలి.

ఇక అందరూ అడిగేది: సూదితో నీరు లాగేస్తే పోదా? పోతుంది, కొద్ది రోజులపాటు మాత్రమే. తిత్తి గోడ అలాగే ఉంది, నేలా అదే, పడే దెబ్బలూ అవే. మళ్లీ ఊరుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. సూది చర్మం మీది బాక్టీరియాను లోపలికి మోసుకుపోతుంది. మాంసకృత్తులున్న ఆ నిల్వ నీరు వాటికి మంచి ఆశ్రయం. తిత్తి మధ్యలోకి రక్తప్రసారం లేదు కాబట్టి యాంటీబయాటిక్ మందు కూడా అక్కడికి సరిగా చేరదు. నొప్పి లేని నీటి బుడ్డ కాస్తా చీముగడ్డ అవుతుంది. పరీక్ష కోసం వైద్యుడు పరిశుభ్రంగా ఒకసారి కొద్దిగా ద్రవం తీయడం వేరే సంగతి. వాపు తగ్గించడానికని పదే పదే లాగించడం, అందులోకి స్టెరాయిడ్ ఎక్కించడం కుక్కకు మేలు చేసే పనులు కావు. ఇంట్లో పిన్నుతో పొడిచేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

చేయాల్సింది దెబ్బ ఆపడం. పరుపు కొంటే సరిపోదు, కుక్క దాని మీద పడుకోవాలి. మీ మోకాలు ఆ పరుపు మీద ఆనించి బరువంతా వేసి చూడండి. కింద నేల తగిలిందా, అది మీ కుక్కకు చాలదు. మందమైన, గట్టి ఫోమ్ కావాలి. ఒక్కచోట వేసి ఊరుకున్నా లాభం లేదు. తలుపు దగ్గర, మంచం పక్కన, మీరు కూర్చునే కుర్చీ కింద, అది ఎక్కడెక్కడ వాలుతుందో అక్కడల్లా మెత్తగా ఉండాలి.

చాలా కుక్కలు మెత్తటి పరుపు వదిలేసి గట్టి నేలకే పోతాయి. అది మొండితనం కాదు, వాటికి ఉక్కపోస్తోంది. ఒత్తు బొచ్చు, పెద్ద ఒళ్లు ఉన్న జంతువుకు చల్లటి నేల సుఖం. అలాంటివాటికి కాళ్లున్న చట్రానికి గట్టి గుడ్డ బిగించిన మంచం బాగా పనిచేస్తుంది. కింద నుంచి గాలి ఆడుతుంది, మోచేయి ఎక్కడా గట్టిదానికి తగలదు. మోచేతులకు తొడిగే మెత్తల తొడుగులూ దొరుకుతాయి. అవి మంచివే. కాకపోతే రోజూ విప్పి చర్మం ఒరుసుకుందేమో, చెమ్మగిల్లిందేమో చూడాలి. ఇంట్లో బిగుతుగా కట్టు కడితే మాత్రం పంజా వాచిపోతుంది.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. 48 లాబ్రడార్లను కుక్కపిల్లల దశ నుంచి జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. తోటి కుక్కల కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లవాతం మొదలవడమూ ఆలస్యమైంది. మోచేతి బుడ్డకు ఇది దూరపు విషయం కాదు. తుంటి నొప్పో, కీళ్లనొప్పో ఉన్న కుక్క ఒంటిని నెమ్మదిగా దించుకోలేదు, ధబీమని పడిపోతుంది. వయసైన కుక్కకు కొత్తగా ఈ వాపు వచ్చిందంటే ఆ నొప్పుల గురించీ వైద్యుణ్ణి అడగాలి. మనుషులకు వాడే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఇవ్వకూడదు, అవి కుక్క పొట్టనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

మోచేతి దగ్గర కనిపించిన ప్రతి వాపూ హైగ్రోమా కాదు. కుక్క కుంటుతుంటే, ముఖ్యంగా పడుకుని లేచాక బిగుసుకుపోయినట్టు నడుస్తుంటే, తప్పు కీలులోనే ఉండవచ్చు. ఎల్బో డిస్‌ప్లేసియా, అంటే మోచేతి కీలు సరిగా ఏర్పడని జబ్బు, కూడా ఈ పెద్ద జాతులకే, ఇదే లేత వయసులో వస్తుంది. అందులో వాపు ఎముక కొస మీద కాక కీలు పక్కన ఉంటుంది. జర్మన్ షెపర్డ్ పిల్లల్లో దాదాపు 20 వారాలకు అతుక్కోవాల్సిన చిన్న ఎముక ముక్క కొన్నిసార్లు అతుక్కోదు. దాన్ని ఎక్స్‌రేలోనే చూడగలం. గట్టిగా ఉండి త్వరత్వరగా పెరిగే గడ్డ కణితి కావచ్చు. బుడ్డ వేడెక్కినా, ఎర్రబడినా, కుక్క అదేపనిగా నాకుతున్నా, ముట్టనివ్వకపోయినా, తిండి మానేసినా ఆ రోజే చూపించాలి.

బాగా పెద్దదై, చీము పట్టి, పుండు పడ్డ వాటికి వైద్యులు మెత్తటి రబ్బరు గొట్టం అమర్చి, రెండు మూడు వారాలు కట్టు కట్టి ద్రవం కారిపోనిస్తారు. కోసి తీసేయడం ఆఖరి మార్గం. కాలు మడిచిన ప్రతిసారీ అక్కడి చర్మం బిర్రుగా సాగుతుంది కాబట్టి కుట్లు విడిపోతుంటాయి, మానడం కష్టమవుతుంది.

చిన్నగా ఉన్నప్పుడే మెత్తటి చోటు ఏర్పాటు చేస్తే చాలావరకు నీరు దానంతటదే ఇంకిపోతుంది. రోజుల్లో కాదు, వారాల్లో, ఒక్కోసారి నెలల్లో. రోజూ చూస్తుంటే మార్పు తెలియదు కాబట్టి వారానికోసారి ఒకే వైపు నుంచి ఫొటో తీసి పోల్చుకోండి. నీరు పోయాక కూడా తిత్తి గోడ మిగిలి, చర్మం కింద మందంగా ఓ ముడతలా చేతికి తగులుతుంది. దానివల్ల కుక్కకు ఇబ్బంది లేదు, దాన్ని అలాగే వదిలేయవచ్చు. పరుపు మాత్రం తీయకండి.