తాత పేరున పట్టా, మన చేతిలో బేరం

జడ్చర్ల, షాద్‌నగర్ వైపు గానీ, చౌటుప్పల్, చిట్యాల వైపు గానీ రోడ్డుకు దగ్గర్లో నాలుగెకరాలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: అమ్ముదామా, ఉంచుదామా? పిల్లలు పట్నంలో స్థిరపడ్డారు, ఊళ్లో చేసేవాళ్లు లేరు, రేటు మంచిగానే పలుకుతోంది. తీరా బయానా తీసుకున్నాక అమ్మకం ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం రేటు కాదు, కాగితం. ఆ కాగితం అట్లా ఎందుకుందో తెలియాలంటే డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

నిజాం కాలంలో పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో దున్నేవాడొకడు, పట్టాదారు ఇంకొకడు. సాయుధ పోరాటం సాగుతుండగానే 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారులకు, అంటే ఏళ్లుగా కౌలుకు దున్నుతూ చట్టం రక్షణ పొందినవాళ్లకు, హక్కులిచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆ రోజుల జాడలు రికార్డుల్లో ఇంకా ఉన్నాయి. రక్షిత కౌలుదారు హక్కు వారసులకు కూడా వస్తుంది కాబట్టి, పట్టా మన తాతదే అయినా 1954-55 ఖాస్రా పహాణీ (పట్టా ఎవరిదో, దున్నేది ఎవరో రాసిన పాత రెవెన్యూ రికార్డు) దాకా చూడనిదే తెలిసిన వకీలు ఎవరూ సరేననరు.

అదే 1950 చట్టం ఇంకో చిక్కు కూడా తెచ్చింది. వ్యవసాయ భూమి చేతులు మారాలంటే ముందుగా అధికారుల అనుమతి ఉండాలంది. ఆఫీసుల చుట్టూ తిరగలేని జనం పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నారు. వాటినే సాదా బైనామాలంటాం. 1969లో ఆ నిబంధన తీసేశారు గానీ, అలవాటు మాత్రం పోలేదు. పాత పహాణీ నకలు ఒకటి తీసి చూడండి: పట్టాదారు గడిలో అమ్మినాయన పేరు, అనుభవదారు గడిలో మన తాత పేరు. రెండు తరాలు దున్నుకున్నాక కూడా పై గడి మారి ఉండదు. 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణిలో ఆ అనుభవదారు గడే లేకుండా పోయింది! ఇక సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం ప్రకారం అమ్మడానికే లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆడబిడ్డల వాటాది. మన ఊళ్లలో అన్నదమ్ములు నోటి మాటతో వంతులు వేసుకున్నారు. ఒకరికి బావి దిక్కు, ఒకరికి చెలక. ఆడపిల్లకు పెళ్లప్పుడే ఇచ్చేశామన్నారు. చట్టం మాత్రం ఆ మాట ఒప్పుకోదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ చట్టం కదపలేదు. నోటి మాట పంపకాలను మాత్రం కోర్టులు అంత సులువుగా నమ్మవు. అయినా అక్కాచెల్లెళ్లకు రిజిస్ట్రేషన్ ముందురోజు ఫోన్ చేసి 'వచ్చి సంతకం పెట్టిపో' అనడం ఇంకా నడుస్తూనే ఉంది. ఇది తప్పు. వాళ్లను బేరం మొదలైన రోజే కూర్చోబెట్టుకోవాలి.

2017 సెప్టెంబరులో రికార్డుల ప్రక్షాళన, 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయల రైతుబంధు మొదలయ్యాయి. పాసుబుక్కులో పేరుంటేనే డబ్బు. ఆ తొందరలో ఎన్నో ఇళ్లలో విరాసత్ (పట్టాను వారసుల పేరుకు మార్చడం) పెద్దకొడుకు ఒక్కడి పేరునే జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చాక రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకేరోజు అయిపోయాయి గానీ, తప్పు పడితే దిద్దించుకోవడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో అప్పీలుకు దారి ఉంది, వారసులకు నోటీసిచ్చి విచారించాకే విరాసత్ చేయాలి.

అందుకే నా మాట ఒకటే. బేరగాడు రాకముందే విరాసత్ అందరి పేరున చేయించాలి. సర్వేయర్‌తో మోకా మీద కొలిపించాలి. కాగితంలో నాలుగెకరాలుండి, నేల మీద పద్దెనిమిది గుంటలు తగ్గితే ఆ టెన్షన్ ఇప్పుడే పడటం మేలు. ఆ తర్వాత పంపకం రిజిస్టర్ చేసుకుంటే అమ్మేవాళ్లు అమ్ముకుంటారు, ఉంచుకునేవాళ్లు ఉంచుకుంటారు. పన్ను సంగతీ అప్పుడే చూడాలి. మున్సిపాలిటీ జనాభాను బట్టి దాని హద్దుకు రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల లోపల ఉన్న భూమికి క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను) పడుతుంది, ఆ దూరం దాటిన సాగుభూమికి పడదు.

పంపకం కాకముందే ఒకరు తమ వాటా అమ్మాలనుకుంటే, దాన్ని ముందుగా కొనే హక్కు హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ కింద తోటి వారసులకు ఉంది. అది సాగుభూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బయటివాళ్లు చెప్పిన రేటు ముందు ఇంట్లో చెప్పాలి, చెల్లెలికి కూడా.