అణువు విరిగే క్షణం: నేలటూరు గాలి వెనుక ఉన్న లేజర్ చరిత్ర

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఎక్కడైనా ఇంత పెద్ద ఎత్తున బొగ్గు మండినప్పుడు నత్రజని, ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. బయటి గాలిలో అది క్రమంగా గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఎండ సోకితే ఈ రెండో అణువు విరిగి ఒక ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది, దాని నుంచే నేలమట్టంలో ఊపిరితిత్తులకూ పైర్లకూ చేటుచేసే ఓజోన్ పుడుతుంది. వాయువు ఎంత ఉందో కొలవడానికి గాలి నాణ్యత పరికరాలు చాలు గానీ, అణువు ఏ వెలుగుకు, ఎంత వేగంగా, ఎలా విరుగుతుందో తెలియడానికి చాలా పెద్ద ప్రయాణమే జరిగింది.

రసాయన చర్య వేగం వేడిమితో ఎలా మారుతుందో శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లోనే సూత్రీకరించాడు. పరమాణువుల మధ్య పాత బంధం తెగి కొత్తది ఏర్పడే నడిమి దశను 1935లో ఐరింగ్, ఎవాన్స్, మైకేల్ పోలాన్యీ సిద్ధాంతంగా నిలబెట్టారు. అయితే ఆ దశను చూసినవారు లేరు. 1949లో కేంబ్రిడ్జిలో నారిష్, పోర్టర్ ఒక బలమైన కాంతి మెరుపుతో అణువులను విరగ్గొట్టి, కాసేపాగి రెండో మెరుపుతో ముక్కల వర్ణపటాన్ని, అంటే అవి ఏ రంగుల వెలుగును పీల్చుకుంటాయో, నమోదు చేశారు. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు ఇదే. తర్వాతి లేజర్ ప్రయోగాలన్నింటి ఆలోచన ఇందులోనే ఉంది. మారినదల్లా రెండు మెరుపుల మధ్య ఎడం. వారి మెరుపు మిల్లీసెకన్లలో ఉండేది. బంధం తెగడానికి పట్టేది అందులో వెయ్యి కోట్ల వంతుకు అటూఇటూ.

1960లో మైమన్ రూబీ లేజర్ వెలిగించాక మెరుపు నానోసెకన్లకు (సెకనులో వంద కోట్ల వంతు), ఆ దశాబ్దంలోనే అందులో వెయ్యో వంతైన పికోసెకన్లకు కుదించుకుపోయింది. 1981లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనాలయంలో అది 100 ఫెమ్టోసెకన్ల లోపుకు దిగింది (ఫెమ్టోసెకను అంటే పికోసెకనులో వెయ్యో వంతు). ఆ అంకెకు ప్రాధాన్యం ఉంది: సెకనుకు కిలోమీటరు వేగంతో కదిలే పరమాణువు 100 ఫెమ్టోసెకన్లలో ఒక ఆంగ్‌స్ట్రామ్ దూరం, అంటే దాదాపు ఒక బంధం పొడవంత, జరుగుతుంది. అంత చిన్న ఎడాన్ని ఏ ఎలక్ట్రానిక్ గడియారమూ కొలవలేదు. అందుకే శాస్త్రవేత్తలు కాలాన్ని దూరంగా మార్చుకున్నారు. ఒకే మెరుపును రెండుగా చీల్చి, రెండోదాని దారిని అద్దం జరిపి 30 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో సగానికన్నా తక్కువ, పెంచితే అది 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది.

ఈ పద్ధతితోనే 1987లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అహ్మద్ జెవైల్ బృందం అయోడిన్ సయనైడ్ విరగడాన్ని కాలక్రమంలో చూసింది. అందుకు దాదాపు 200 ఫెమ్టోసెకన్లు పట్టింది. సోడియం అయోడైడ్ మరింత విశేషం. ఆ అణువు ఒక్కసారిగా విడిపోకుండా సాగుతూ ముడుచుకుంటూ, ప్రతి ఊపులోనూ కొంత భాగం మాత్రమే తెగిపోతూ కనిపించింది. 1999 రసాయన నోబెల్ బహుమతి జెవైల్‌కు దక్కింది.

ముక్కలు ఏ దిక్కుకు, ఎంత వేగంతో ఎగురుతాయన్న ప్రశ్నది వేరే దారి. ఒకదాన్నొకటి అడ్డంగా ఖండించే అణు పుంజాల ప్రయోగాలకు హెర్ష్‌బాక్, లీ, చర్యల్లో వెలువడే పరారుణ కాంతి అధ్యయనానికి జాన్ పోలాన్యీ 1986 నోబెల్‌ను పంచుకున్నారు. 1987లో ఛాండ్లర్, హ్యూస్టన్ లేజర్‌తో అయనీకరించిన (విద్యుదావేశం కలిగించిన) ముక్కలను తెరపై బొమ్మగా పట్టారు. 1997లో ఎపింక్, పార్కర్ ఆ బొమ్మను పదునుపెట్టారు.

నైట్రోజన్ డయాక్సైడ్‌పై లేజర్ ప్రయోగాల్లో, 226 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు) తరంగదైర్ఘ్యం దగ్గరి కిరణంతో నైట్రిక్ ఆక్సైడ్ ముక్కను గుర్తించి, బంధాన్ని తెంచడానికి సుమారు 398 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగదైర్ఘ్యం గల వెలుగు కావాలని కచ్చితంగా తేల్చారు. అంతకన్నా పొడవైన వెలుగులో, 420 దాకా కూడా, కొన్ని అణువులు విరుగుతూనే ఉంటాయి. అవి అప్పటికే తమలో దాచుకున్న కంపన, భ్రమణ శక్తి ఆ లోటును పూడుస్తుంది. ఆ శక్తి వేడిమితో పెరుగుతుంది కనుక రోహిణీ కార్తె ఎండలో నేలటూరు మీద ఈ అంచు వెలుగుకు విరిగే వంతు, చలికాలపు ఉదయం కన్నా కొంత ఎక్కువే.