హెచ్‌ఐవీ వెంట వచ్చే జబ్బులు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచి ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో కౌన్సెలర్‌గా నా పని ఎక్కువగా మాట్లాడటమే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా మా దగ్గరకు మందులకు వస్తారు. సొంత ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనన్న భయం కొంత. ఇప్పుడు హెచ్‌ఐవీ రోజుకో మాత్రతో అదుపులో ఉండే జబ్బు. నాకు దిగులు దానితోపాటు వచ్చేవాటి గురించే. అపోహలూ వాటి చుట్టూనే అల్లుకున్నాయి.

అపోహ: దగ్గు, కఫం లేవు కాబట్టి క్షయ లేదు.

హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణాలు తీసే జబ్బుల్లో ప్రపంచమంతటా మొదటిది క్షయే. మనలో చాలామంది ఒంట్లో ఆ క్రిములు నిద్రాణంగా ఉంటాయి. హెచ్‌ఐవీ లేనివారిలో జీవితకాలం మొత్తం మీద నూటికి 5 నుంచి 10 మందికే అవి జబ్బుగా మారతాయి. హెచ్‌ఐవీ ఉండి చికిత్స తీసుకోనివారిలో ఒక్క ఏడాదిలోనే నూటికి 10 మంది దాకా జబ్బు పడవచ్చు. పైగా రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో కఫం పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, ఎక్స్‌రే కూడా మామూలుగానే కనిపించవచ్చు. మెడ దగ్గర గడ్డలుగానో, పొట్టలో నీరుగానో, వదలని తలనొప్పిగానో బయటపడుతుంది.

అందుకే వచ్చిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు అడుగుతాం: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. ఎన్నాళ్లుగా అన్న లెక్క ఇక్కడ లేదు, రెండు రోజుల దగ్గయినా చెప్పాల్సిందే. చాలామంది విసుక్కుంటారు. చెమటల ప్రశ్నకైతే నవ్వుతారు, విశాఖ ఉక్కపోతలో రాత్రి చెమట పట్టనిదెవరికని. న్యాయమే. కాబట్టి నేను ఇంకోలా అడుగుతాను: డిసెంబరులో, ఫ్యాను కింద పడుకున్నా, చొక్కా మార్చుకోవలసినంతగా తడుస్తోందా? అప్పుడు నవ్వు ఆగి, పక్కనున్న భార్య వైపు చూస్తారు. జవాబు ఆవిడ చెబుతుంది.

క్షయ లేదని తేలితే, రాకుండా మందు ఇస్తారు. అందులో ఒక పద్ధతి ఆరు నెలల పాటు రోజూ ఐసోనియాజిడ్, దానితో బి6 విటమిన్. 'లేని జబ్బుకు మందెందుకు' అని మధ్యలో మానేసేవారు తక్కువేమీ కాదు.

అపోహ: మాత్రలు మొదలుపెట్టాకే జబ్బు చేసింది, అవి నాకు పడలేదు.

చూడటానికి అలాగే ఉంటుంది. నెల క్రితం దాకా తిరిగిన మనిషికి మాత్రలు వేసుకోగానే జ్వరం, గడ్డల వాపు. జరిగేది వేరు. అంతకుముందు ఒంట్లో దాగిన క్రిమితో పోరాడే శక్తి లేదు, ఇప్పుడు ఆ శక్తి తిరిగివచ్చి పోరు మొదలైంది. అలాంటప్పుడు మందు ఆపకుండా వెంటనే కేంద్రానికి రావాలి.

అపోహ: ఈ మాత్రలు వేడి చేస్తాయి, ఎండాకాలంలో ఆపితే మంచిది.

వేడికీ వీటికీ సంబంధం లేదు. ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. కాలేయానికి సోకే హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ఇంకో ముప్పు: హెచ్‌ఐవీ మాత్రలో ఉండే టెనోఫోవిర్, లామివుడిన్ మందులు దాన్ని కూడా అణచి ఉంచుతాయి. ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతిని కామెర్లు రావచ్చు. అప్పుడు పసరు మందు కోసం పరుగెత్తడం మరీ తప్పు. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద ప్రభావం చూపే మాట నిజమే. దానికి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్షలు ఉన్నాయి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో సొంతంగా నొప్పి మాత్రలు కొనే అలవాటు మానుకోండి, వాటిలో కొన్ని కూడా కిడ్నీలకు భారమే.

అపోహ: వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) కనబడలేదంటే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

వైరస్ కనబడని స్థాయిలోనే ఉంటే శారీరక సంబంధం ద్వారా ఎదుటివారికి సోకదు. ఈ మాట నేను గొంతెత్తి చెబుతాను. కానీ గుండెజబ్బు ముప్పు మామూలువారి కన్నా ఎక్కువగానే ఉంటుంది. బీపీ, షుగరు చూపించుకోవాలి, పొగాకు వదలాలి. మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు దాదాపు ఆరు రెట్లు. 'ఏ బాధా లేదుగా' అని వాయిదా వేస్తారు. బాధ తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. 25 ఏళ్ల నుంచే పరీక్ష మొదలుపెట్టాలి, అందులో ఒక రకం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

అపోహ: వేరే డాక్టరుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

హెచ్‌ఐవీ మాత్రల డబ్బా మీది లేబులును గోటితో గీకేసి సంచిలో వేసుకునేవారిని చాలామందిని చూశాను. వారిని తప్పుపట్టను. కానీ హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ వాడేవారికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదు సాధారణంగా రోజుకు 1000 మి.గ్రా. దాటకూడదు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్‌కు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తరువాత గానీ డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్ ఇస్తుంటే, 12 గంటల తేడాతో డోలుటెగ్రావిర్ రెండో మోతాదు కావాలి. ఇవేవీ డాక్టరు ఊహించి రాయలేరు. హెచ్‌ఐవీ ఉందని వైద్యంలో వివక్ష చూపడాన్ని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. లేబులు తీయాలనుకుంటే ముందు ఫోనులో ఫొటో తీసుకుని డాక్టరుకు చూపించండి. మాత్రలను మాత్రం వేరే డబ్బాలోకి మార్చవద్దు, తేమకు పాడవుతాయి. సందేహాలకు 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.