చాక్లెట్ గుడ్డు పెట్టె: అట్ట మందం చుట్టూ అపోహలు - వాస్తవాలు

మార్చి సగం దాటిందంటే నా ఫోన్‌కి ఒకే మాట వస్తుంది. "అక్కా, పోయిన ఏడాది గుడ్లు పగిలిపోయాయి. ఈసారి ఇంకొంచెం గట్టి అట్ట వేయండి." మా వైజాగ్‌లోనే ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఇంట్లోనే చాక్లెట్లు చేసే అమ్మాయిలు ఇంకో నలుగురు. ఈస్టర్ కోసం అచ్చుల్లో పోసి, రెండు సగాలు అతికించి, రంగు రేకు చుట్టిన బోలు గుడ్లు వాళ్లవి. ఒక్కోటి 150 గ్రాములు, గోడ మందం మూడు మిల్లీమీటర్లు, లోపల అంతా ఖాళీ. నా పని మడత పెట్టెలు డిజైన్ చేయడం. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఇన్నేళ్లలో "సన్నటి అట్ట వేయండి" అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు.

ఫోన్లో ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక ఈ ఏడాది లేదు. అందుకే రాసేస్తున్నాను.

అపోహ: అట్ట మందం పెంచితే గుడ్డు పగలదు.

వాస్తవం: పెట్టె గట్టిగా ఉండటం ఒక సంగతి, లోపల గుడ్డు క్షేమంగా ఉండటం ఇంకో సంగతి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

నాలుగేళ్ల కిందట ఒకామె హైదరాబాద్‌కి 60 గుడ్లు పంపింది. పెట్టెలు నేను చేసినవి కావు, వేరే చోట 420 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 420 గ్రాములు తూగే) బోర్డుతో చేయించుకుంది. పైన మ్యాట్ లామినేషన్, చేత్తో నొక్కితే లొంగనంత బిరుసు. 600 కిలోమీటర్లు దాటి వెళ్లాక తెరిచి చూస్తే 23 గుడ్లు పగిలి ఉన్నాయి. పాపం, ఫోన్లో ఏడ్చేసింది. రాత్రుళ్లు మేలుకుని చేసిన గుడ్లు మరి. పార్శిల్ వాళ్లు విసిరేశారని ఆమె కోపం. నేను అడిగింది ఒకటే: "పెట్టెలకి సొట్టలు పడ్డాయా?" ఫొటోలు పంపింది. ఒక్క మూల నలగలేదు. పైన పెట్టె పెళ్లిపీటల మీద పెట్టొచ్చు, లోపల గుడ్డు పిండి.

పెట్టె నలగలేదంటే దెబ్బను అది తీసుకోలేదని అర్థం. మరి ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? నేరుగా గుడ్డుకే.

లెక్క చిన్నదే, చూడండి. పెట్టె 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మన డైనింగ్ టేబుల్ ఎత్తు నుంచి కింద పడింది. లోపలి గుడ్డు రెండు మిల్లీమీటర్లలో ఠక్కున ఆగిపోతే దాని మీద పడే సగటు బలం దాని బరువుకు సుమారు 380 రెట్లు. 150 గ్రాముల గుడ్డు మీద 57 కిలోలు, అంటే ఒక మనిషి ఎక్కి నిలబడినట్టు. అదే గుడ్డు 15 మిల్లీమీటర్లు జరిగి ఆగిందనుకోండి, 50 రెట్లే. ఏడున్నర కిలోలు. ఎత్తు అదే, గుడ్డు అదే, ఆగడానికి దొరికిన దూరం మాత్రమే మారింది. క్యాచ్ పట్టేవాడు బంతి చేతిలో పడగానే చేతులు వెనక్కి లాగుతాడే, అందుకే. బిరుసు అట్ట చేతులు వెనక్కి లాగదు.

రెండో శత్రువు వదులు. గుడ్డు చుట్టూ సందు ఉండి, పట్టి ఉంచేది ఏమీ లేకపోతే, పెట్టె ఆగాక కూడా గుడ్డు కదులుతూ వచ్చి గోడకి గుద్దుకుంటుంది. గుడ్డు ఆకారం నిలువునా నొక్కితే బాగానే ఓర్చుకుంటుంది, కమాను లాంటిది కదా. పక్క నుంచి గోరంత చోట తగిలితే మాత్రం ఓర్చుకోదు. పైగా చాక్లెట్ గుడ్డుకి అతుకు కూడా ఉంది.

నమ్మకం కుదరకపోతే ఒకసారి పూర్ణా మార్కెట్‌కి వెళ్లి కోడిగుడ్ల అట్టలు చూడండి. మోపెడ్ వెనక డజను అట్టలు కట్టుకుని గతుకుల్లో పోతుంటారు. 30 గుడ్లు పట్టే ఆ ట్రే కాగితపు గుజ్జుతో చేసింది, వేలితో చించేయొచ్చు. అయినా గుడ్లు నిలబడుతున్నాయి. ఎందుకంటే పై ట్రే బరువు గుడ్ల మీద పడదు, గుడ్ల మధ్య పైకి లేచిన దిమ్మల మీద పడుతుంది. ఒక ట్రే నిలువుగా, దాని మీది ట్రే అడ్డంగా తిప్పి పెడతారు, లేకపోతే ఒకదాంట్లో ఒకటి దిగిపోతాయి. ప్రతి గుడ్డుకీ తన గుంట, పక్క గుడ్డుతో తగాదా లేదు. కెనడాలో స్మిథర్స్ అనే ఊరి వైపు జోసెఫ్ కాయిల్ అని ఒకాయన పత్రిక నడిపేవాడు. హోటల్‌కి గుడ్లు పగిలి వస్తున్నాయని రైతుకీ హోటల్ యజమానికీ జరుగుతున్న గొడవ ఆయన చెవిన పడింది. గుడ్డుకో గది ఉండే కాగితపు పెట్టె అలా పుట్టింది, 1911లో. ఆయన కూడా గట్టి డబ్బా జోలికి పోలేదు.

అందుకని డబ్బు లోపలి ఇన్సర్ట్ మీద, అంటే గుడ్డును పట్టి ఉంచే అట్ట అమరిక మీద పెట్టమంటాను. పై పెట్టెకి 300 జీఎస్ఎమ్ చాలు. లోపలిది 250 నుంచి 280 అయినా సరే. గుడ్డు పెట్టెలో కూర్చోకూడదు, వేలాడాలి.

చాలామంది అట్టలో గుండ్రటి రంధ్రం కోసి, దాంట్లో గుడ్డు దించేస్తారు. కోసిన అట్ట అంచు కత్తి లాంటిది. గుడ్డు బరువంతా ఆ సన్నటి గీత మీదే ఆనుతుంది. ముందు రేకు మీద గీత పడుతుంది, రోడ్డు కుదుపులకి ఆ గీత వెంటే పగులు వస్తుంది. నేను మధ్యలో చిన్న రంధ్రం పెట్టి, దాని చుట్టూ నక్షత్రంలా ఎనిమిదో పదో గాట్లు పెడతాను. గుడ్డు దించగానే గాట్ల మధ్య అట్ట పూరేకుల్లా కిందికి వంగి గుడ్డు ఒంటికి అంటుకుంటుంది. అంచుకి బదులు అట్ట ముఖం ఆనుతుంది. చేత్తో అతికించిన గుడ్లు ఒకదానికీ ఇంకోదానికీ మిల్లీమీటరో రెండో తేడా ఉంటాయి, ఈ అట్ట రేకులు ఆ తేడాను సర్దుకుంటాయి. ఇలాంటి అంతస్తులు రెండు కావాలి: కిందది బరువు మోయడానికి, పైది గుడ్డు పక్కకి వాలకుండా. గుడ్డు అడుగుకీ పెట్టె అడుగుకీ మధ్య 15 మిల్లీమీటర్లు ఖాళీ, పక్కలకీ అంతే. ఈ అంతస్తులను గోడలకి కలిపే మడతలు దెబ్బ తగిలినప్పుడు వంగుతాయి, ఒక్కోసారి నలిగి పాడైపోతాయి కూడా. పాడవనివ్వండి. వాటిని పెట్టింది అందుకే.

గ్రెయిన్ సంగతి మర్చిపోకండి. అట్టలో పీచు ఒక దిక్కుకి ఉంటుంది. పీచు వెంట మడత మెత్తగా పడుతుంది, అడ్డంగా వేస్తే బిరుసుగా ఉంటుంది. నేను కొత్తలో గీసిన డ్రాయింగ్ చూసి మా డై (అట్టను ఆకారానికి కోసే పలక) చేసే మేస్త్రి, శ్రీకాకుళం మనిషి, ప్లైవుడ్‌లో బ్లేడు బిగిస్తూనే "పీసు సూసుకోకండా గీసీసినావేటి తల్లీ" అని గొణిగాడు. ఆయన చదివింది ఐదో తరగతి. కంప్యూటర్ మీద నాకు కనపడనిది ఆయనకి వేళ్లకి తెలిసింది.

నా తప్పులు దాచుకోవడం ఎందుకు? మొదట్లో నేను చేసినవి ఏటికొప్పాక బొమ్మల పెట్టెలు. అంకుడు కర్రతో చేసిన లక్క బొమ్మ, పీఠం మీద నిలబడుతుంది, పడినా పెచ్చు లేస్తుందేమో గానీ ముక్కలవదు. దాన్ని అడుగున బిగించేస్తే చాలు. అదే చేత్తో మొదటి చాక్లెట్ గుడ్డు పెట్టె కూడా చేశాను. అడుగున కప్పు లాంటి గుంట, దాంట్లో గుడ్డు నిలబడి ఉంటుంది, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో. సిరిపురం నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా స్కూటీ మీద తీసుకెళ్లేలోపే ఆరింటిలో నాలుగు అడుగు చిట్లాయి.

ఆ 60 గుడ్ల ఆమెకి తర్వాతి ఏడాది రెండంతస్తుల ఇన్సర్ట్‌తో 300 జీఎస్ఎమ్ పెట్టె చేసిచ్చాను. పెట్టె చేతిలోకి తీసుకుని "ఇంత మెత్తగానా?" అంది, ముఖం చిన్నబుచ్చుకుని. మళ్లీ 60 పంపింది, మళ్లీ హైదరాబాద్‌కే. రెండు పోయాయి. రెండూ అతుకు దగ్గర విడిపోయినవే, అంటే పొరపాటు అతికించడంలో ఉంది. ఆ రెండింటి గురించి మాత్రం నాతో అరగంట మాట్లాడింది, అది వేరే కథ.

మరి మందానికి పనే లేదా అంటే, ఉంది. పేర్చేటప్పుడు. ఒక పెట్టె మీద పది పెట్టెలు పెడితే కింది పెట్టె కుంగకూడదు. ఆ పని బయటి త్రీ ప్లై (మూడు పొరల) కార్టన్‌ది. దాని ఫ్లూట్, అంటే మధ్య పొరలోని అలల గీతలు, నిలువుగా ఉండాలి, మూల మీద మూల వచ్చేలా పేర్చాలి. కార్టన్ బలం ఎక్కువగా మూలల్లోనే ఉంటుంది. కాస్త పక్కకి జరిపి పెట్టారా, ఆ బలం చాలావరకు పోయినట్టే.

జీఎస్ఎమ్ అంటే మందం కాదని కూడా గుర్తుంచుకోండి, అది బరువు. 300 జీఎస్ఎమ్ డూప్లెక్స్ పల్చగా ఉంటుంది, 300 జీఎస్ఎమ్ ఎఫ్‌బీబీ (ఫోల్డింగ్ బాక్స్ బోర్డు) మందంగా, బిరుసుగా ఉంటుంది. మధ్య పొరలో వాడే గుజ్జు వేరు మరి. బోర్డు కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి 300 నుంచి 400కి వెళ్తే అట్ట ఖర్చు మూడో వంతు పెరుగుతుంది. ఆ డబ్బుతో ఇన్సర్ట్ చాలావరకు వచ్చేస్తుంది. ఇంకో ముచ్చట: పాత సెట్టింగ్ మీదే మందం బోర్డు వేస్తే క్రీజ్, అంటే మడత గీత, సరిగ్గా పడదు. మడత దగ్గర ప్రింట్ చిట్లుతుంది, పేస్టింగ్ రాత్రికి రాత్రే విచ్చుకుంటుంది. అప్పుడు ప్రెస్ వాడిని తిడతారు.

మిగిలిన అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"పెట్టె చల్లగా ఉంచుతుంది." ఉంచదు. బాగా టెంపర్ చేసిన (కరిగించి, పద్ధతిగా చల్లార్చిన) చాక్లెట్‌లో కోకో బటర్ 33, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మూసిన వ్యాన్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అట్ట కొద్దిసేపు ఆలస్యం చేస్తుంది, అంతే. జెల్ ప్యాక్ పెట్టండి, లేదా రాత్రి బండికి వేయండి.

"ప్యాక్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మంచిది." దయచేసి వద్దు. బయటికి తీయగానే వైజాగ్ గాలిలోని తేమ అంతా గుడ్డు మీదా అట్ట మీదా దిగుతుంది. గుడ్డు మీద చక్కెర తెల్లగా పేరుకుంటుంది, అట్ట మెత్తబడుతుంది. తేమ అట్టను ఏం చేస్తుందో నాకు హుద్‌హుద్ చూపించింది. 2014 అక్టోబర్ 12న వచ్చిన తుపానుకి అల్లిపురంలో మా నాన్న గోడౌన్ కప్పు రేకులు లేచిపోయాయి. తడిసిన బోర్డు పోయిందంటే సరే, పోయింది. ఒక్క చుక్క తగలని కట్టలు కూడా వారం తిరిగేసరికి అప్పడాల్లా మెత్తబడ్డాయి. నాన్న ఒక్కో షీటూ వంచి చూసి పక్కన పెట్టేవారు, ఏమీ అనేవారు కాదు.

"లోపల ఏ అట్ట అయితే ఏం, రేకు చుట్టాం కదా." రేకు మడతల్లోంచి వాసన పోతుంది. చాక్లెట్‌లో కొవ్వు ఉంది, ఇంకు వాసన, జిగురు వాసన ఇట్టే పట్టేస్తుంది. ఎంతగా అంటే, బోర్డులో వాసన దోషం ఉందో లేదో తేల్చే రాబిన్సన్ పరీక్షలో వాడేది తురిమిన చాక్లెట్‌నే. గ్రే బ్యాక్ బోర్డు పాత కాగితాల నుంచి చేసింది, ఇన్సర్ట్‌కి వాడకండి. ప్రింట్ ఉన్న వైపు తినేదానికి తగలకూడదని, న్యూస్‌పేపర్‌లో చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది.

"కాగితం పీలికలు నింపితే చాలు." ప్రయాణంలో అవి ఓ మూలకి జారిపోతాయి, గుడ్డు ఇంకో మూలకి.

"ఫ్రాజైల్ స్టిక్కర్ అంటించాం." అంటించండి, తప్పు లేదు.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. డమ్మీ పెట్టెలో గుడ్డు పెట్టి, పంపేటప్పుడు ఎలా ప్యాక్ చేస్తారో అలాగే కార్టన్‌లో సర్ది, 76 సెంటీమీటర్ల నుంచి పదిసార్లు వదలండి: ఒకసారి మూల మీద, మూడుసార్లు అంచుల మీద, ఆరుసార్లు ఆరు ముఖాల మీద. చిన్న పార్శిళ్లకి ఐఎస్‌టీఏ 1ఏ అనే ప్యాకింగ్ పరీక్షలో కింద పడేసే భాగం అదే. అచ్చులో తేడా వచ్చి పక్కన పడేసిన గుడ్లుంటాయి కదా, వాటితో చేయండి. ఆ శబ్దం వినడానికి గుండె ఆగిపోయినట్టే ఉంటుంది, తెలుసు. వందో ఆర్డర్ హైదరాబాద్‌లో పగిలిందని వినడం కంటే నయం.

నాకు గుడ్డు ఫొటో, కొలతలు వాట్సాప్‌లో పంపకండి. రేకు చుట్టిన గుడ్లు మూడు తీసుకురండి, ఈస్టర్‌కి నెల ముందు. డై చేయించాలి, ట్రయల్ వేయాలి. రెండింటితో ఇన్సర్ట్ చూస్తాను, మూడోది పగలగొట్టి గోడ మందం కొలుస్తాను. ఆ ముక్కలు మాత్రం తిరిగి అడగకండి, మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.