రీయూనియన్ లవ్‌స్టోరీ తీయడం ఈజీ అనుకునేవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

2018లో తమిళంలో 96 సినిమా (స్కూల్లో ప్రేమించుకుని విడిపోయిన ఇద్దరు రీయూనియన్‌లో మళ్లీ కలిసే కథ) వచ్చినప్పట్నుంచి టెన్త్ బ్యాచ్ రీయూనియన్ కథలు పట్టుకుని తిరిగేవాళ్లు తగ్గట్లేదు, అందరూ చెప్పేది ఒకటే, "చిన్న సినిమా సార్, ఇద్దరే మనుషులు, ఒక్క రాత్రి, నెలరోజుల్లో చుట్టేద్దాం" అని. నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కంటిన్యుటీ చూస్తా, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ బట్టలు, వస్తువులు తేడా రాకుండా చూసే పని, ఆ "ఒక్క రాత్రి" అన్న మాట వినగానే నాకు గుండె గుభేల్‌మంటుంది.

అపోహ: ఒక్క రాత్రి కథ కాబట్టి ఖర్చు తక్కువ, పని తక్కువ.

వాస్తవం: తెర మీదే ఒక్క రాత్రి, మాకు వారాల తరబడి జాగారం. నైట్ కాల్‌షీట్ (రాత్రి షూటింగ్ డ్యూటీ) అంటే సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు దాకా, అందులోనే జనరేటర్ పెట్టుకుని లైట్లు కట్టుకుని రోడ్డు పర్మిషన్ ఉన్న టైంలో షాట్ లాగాలి, టైం దాటితే ఎక్స్‌ట్రా పేమెంట్లు. సినిమాల్లో రాత్రిపూట రోడ్లు ఎప్పుడూ తడిగా ఎందుకుంటాయో గమనించారా? ట్యాంకర్ తెప్పించి మేమే తడుపుతాం, పొడి తారురోడ్డు కెమెరాకి వట్టి నలుపే, తడిస్తే లైట్లు మెరుస్తాయి.

ఇంక బట్టలు. మామూలు సినిమాలో సీన్ మారితే డ్రెస్ మారుతుంది, చిన్నచిన్న తప్పులు అందులో కొట్టుకుపోతాయి, ఇక్కడ హీరోయిన్ ఒకే కుర్తీలో సినిమా అంతా నెట్టుకురావాలి. అందుకే ఒకే తానులోంచి ముందే నాలుగైదు సెట్లు కుట్టించి పెట్టుకుంటాం, తర్వాత వెతికితే ఆ షేడ్ చచ్చినా దొరకదు. 96లో లాగా మధ్యలో వాన కూడా పెట్టారనుకోండి, పొడిది, తడిది, సగం ఆరింది, మూడు రకాలు. పైగా షూటింగ్ కథ వరసలో జరగదు కదా, తడిసిన సీన్ ముందు తీసేసి తడవకముందు సీన్ వచ్చేవారం తీస్తారు, కుర్తీ చేతులు ఎన్ని మడతలు పెట్టుకుంది, జుట్టు ఏ చెవి వెనకుంది, హీరో వాచీలో టైమెంత, కప్పులో కాఫీ ఎంతవరకుంది, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకుంటే తప్ప బతకలేం. తెల్లవారుజాము సీన్ ఇంకో నరకం. ఆ నీలం వెలుతురు ఉండేదే కాసేపు, రెండు షాట్లు తీసేలోపు ఎండ వచ్చేస్తుంది, మళ్లీ మర్నాటిదాకా ఆగాల్సిందే.

అపోహ: చిన్నప్పటి పాత్రకి హీరోయిన్ పోలికలున్న పిల్లే కావాలి.

వాస్తవం: 96లో చిన్నప్పటి త్రిషగా చేసిన గౌరి కిషనే 2020లో దాని తెలుగు రీమేక్, మన జానులో చిన్నప్పటి సమంతగా చేసింది. త్రిషకీ సమంతకీ పోలికలు ఎక్కడున్నాయి చెప్పండి? నవ్వేముందు ఆగే తీరు, తలొంచుకుని చూసే చూపు కలిస్తే మొహం సంగతి జనం పట్టించుకోరు.

అపోహ: పాత పాట 30 సెకన్ల లోపు వాడితే ఫ్రీ.

వాస్తవం: మన కాపీరైట్ చట్టంలో అలాంటి రూలే లేదు. హీరోయిన్ మ్యూజిక్ లేకుండా ఊరికే నోటితో పాడినా ట్యూన్‌కీ సాహిత్యానికీ పర్మిషన్ కావాల్సిందే, ఒరిజినల్ రికార్డింగే వేస్తే దానికి వేరేగా తీసుకోవాలి. నైంటీస్ నాస్టాల్జియా అని స్క్రిప్టులో ఆరు పాటలు రాసేముందు ప్రొడ్యూసర్‌తో ఓసారి మాట్లాడుకోండి.

అపోహ: చివర్లో ఇద్దరూ కలవకపోతే సినిమా ఆడదు.

వాస్తవం: 96లో కలవలేదు, ఆడింది. జానులో కలవలేదు, ఆడలేదు. డైరెక్టర్ ఒకడే, ప్రేమ్‌కుమార్, కథా దాదాపు అదే. కాబట్టి తప్పు క్లైమాక్స్ మీదకి తోసేయకండి, నన్నడిగితే మనవాళ్లలో చాలామంది ఒరిజినల్ ముందే చూసేసి పోల్చుకోడానికే వెళ్లారు.

అపోహ: పార్టీ సీన్‌లో కామెడీ దట్టిస్తే సగం సినిమా గట్టెక్కినట్టే.

వాస్తవం: పార్టీ ఆ ఇద్దర్నీ ఒక గదిలోకి తేవడానికి సాకు, అంతే. అసలు కష్టం అన్నాళ్లూ ఎందుకు కలవలేదో చెప్పడం. 96లో అప్పుల వల్ల అబ్బాయి కుటుంబం ఊరొదిలి పోతుంది, తర్వాత కాలేజీ దగ్గర కబురు తప్పుగా అందుతుంది, సెల్‌ఫోన్లు లేని రోజులు కాబట్టి మనం నమ్మేస్తాం. అదే 2012 బ్యాచ్ కథ చెప్తే నేను మొదట అడిగేది, "ఫేస్‌బుక్‌లో ఎందుకు వెతకలేదు బాబూ?" అని. బ్లాక్ చేసిందండీ అంటారు. మరి పార్టీకి ఎందుకొచ్చింది?