మిల్వాకీ టైటిల్ వెనుక 50 ఏళ్ల నిరీక్షణ

2021 జులై 20న ఫీనిక్స్ సన్స్‌ను 105-98తో ఓడించి మిల్వాకీ బక్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. 1971 తర్వాత ఆ జట్టుకు మళ్లీ టైటిల్ దక్కడం అదే మొదటిసారి. అయితే ఆ సీజన్‌లో అభిమానుల అసలు టెన్షన్ ఆట మొదలుకాక ముందే నడిచింది. జట్టు స్టార్ యానిస్ అంటెటోకొంపో ఉంటాడా, వెళ్లిపోతాడా?

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1969 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపిక ఎవరిదో తేల్చడానికి బక్స్‌కూ ఫీనిక్స్‌కూ మధ్య నాణెం ఎగరేశారు. ఫీనిక్స్ బొమ్మ కోరుకుంది, బొరుసు పడింది. అలా అందరూ కోరుకున్న కాలేజీ ఆటగాడు లూ అల్సిండర్ మిల్వాకీకి దక్కాడు. ఏడాదికి మరో మేటి ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ తోడయ్యాడు. ఇంకేం, 1970-71లో 66 మ్యాచ్‌లు గెలిచి, ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో బాల్టిమోర్‌ను 4-0తో చిత్తు చేశారు. జట్టు పుట్టి అప్పటికి మూడు సీజన్లే. కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న అల్సిండర్, 1974 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో బోస్టన్ చేతిలో ఓడాక, తనను న్యూయార్క్‌కో లాస్ ఏంజెలెస్‌కో పంపమని అడిగాడు. 1975లో లేకర్స్‌కు వెళ్లాడు. అక్కడ ఐదు టైటిళ్లు గెలిచాడు. పెద్ద ఆటగాడు చిన్న నగరంలో నిలవడన్న మాట మిల్వాకీని దశాబ్దాల పాటు వెంటాడింది.

2013 డ్రాఫ్ట్‌లో 15వ ఎంపికగా వచ్చిన యానిస్‌కు అప్పుడు 18 ఏళ్లు. ఏథెన్స్‌లో నైజీరియా దంపతులకు పుట్టి, వీధుల్లో వాచీలు, కళ్లద్దాలు అమ్మిన కుర్రాడు. అతని మొదటి సీజన్‌లో బక్స్ గెలిచింది 15, ఓడింది 67. క్రిస్ మిడిల్టన్ కూడా అదే ఏడాది చేరాడు. ఆ ఓటములన్నీ ఇద్దరూ కలిసే మోశారు.

అప్పట్లో జట్టే ఊళ్లో ఉంటుందో లేదో తెలియదు. 2014లో యజమాని హెర్బ్ కోల్ జట్టును 55 కోట్ల డాలర్లకు అమ్మేస్తూ, కొత్త స్టేడియానికి 10 కోట్లు తనే ఇచ్చారు. మరో 25 కోట్లు ప్రజాధనం. కోటీశ్వరుల వ్యాపారానికి పన్నుల సొమ్మెందుకని అడిగినవాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ 2018లో ఆ స్టేడియం తెరుచుకోకపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

2019లో టొరంటోపై 2-0 ఆధిక్యంలో ఉండి వరసగా నాలుగు ఓడారు. 2020లో మయామీ ఐదు మ్యాచ్‌లలోనే ఇంటికి పంపింది. ఆ రెండేళ్లూ లీగ్ అత్యుత్తమ ఆటగాడు యానిసే. ఇక ఆగితే లాభం లేదని యాజమాన్యం జ్రూ హాలిడే అనే ఆటగాడి కోసం మూడు ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలను వదులుకుంది. భవిష్యత్తును తాకట్టు పెట్టడమే అది. 2020 డిసెంబర్‌లో యానిస్ బక్స్‌తోనే ఐదేళ్ల ఒప్పందంపై సంతకం చేశాడు, విలువ దాదాపు 22.8 కోట్ల డాలర్లు. సొంత జట్టే అందరికన్నా ఎక్కువ ఇవ్వగలిగేలా 2017లో వచ్చిన నిబంధన ఇక్కడ పనిచేసింది. డబ్బొక్కటే ఆపిందంటే మాత్రం నేను ఒప్పుకోను.

లీగ్ దశ 46-26తో ముగిసింది. తర్వాత నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌లో బ్రూక్లిన్‌తో ఏడో, చివరి మ్యాచ్. ఒక్క సెకను మిగిలి ఉండగా కెవిన్ డురాంట్ వేసిన షాట్ పడింది. మూడు పాయింట్లయితే బక్స్ పని అయిపోయినట్టే. అతని బూటు కొన మాత్రం మూడు పాయింట్ల గీతను తాకి ఉంది. రెండే ఇచ్చారు, స్కోరు సమమైంది, ఓవర్‌టైమ్‌లో మిల్వాకీ 115-111తో బయటపడింది. అట్లాంటాతో నాలుగో మ్యాచ్‌లో యానిస్ మోకాలు భయంకరంగా వెనక్కి వంగింది. అతను లేని రెండు మ్యాచ్‌లనూ మిడిల్టన్, హాలిడే, మిగతావాళ్లు గెలిపించారు.

ఫైనల్స్‌లో ఎదురైంది మళ్లీ ఫీనిక్సే. 0-2తో వెనకబడిన బక్స్, తర్వాతి నాలుగూ గెలిచింది. ఐదో మ్యాచ్ చివర్లో ఫీనిక్స్ ఆటగాడు డెవిన్ బుకర్ చేతుల్లోంచి హాలిడే బంతిని లాక్కుని యానిస్‌కు గాల్లోకి అందించాడు. ఇచ్చిన డ్రాఫ్ట్ ఎంపికలన్నిటికీ విలువ కట్టిన క్షణం అదే. ఆరో మ్యాచ్‌లో యానిస్ 50 పాయింట్లు సాధించాడు, గురి తప్పిన షాట్ల బంతిని 14 సార్లు అందుకున్నాడు (రీబౌండ్లు), ప్రత్యర్థి షాట్లను 5 సార్లు అడ్డుకున్నాడు (బ్లాక్‌లు). ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా వేసే ఫ్రీ త్రోల దగ్గర అతను తీసుకునే సమయాన్ని ప్రత్యర్థి ప్రేక్షకులు గట్టిగా లెక్కపెట్టి వెక్కిరించిన ప్లేఆఫ్స్ అవి. ఆ రాత్రి 19 వేసి 17 సాధించాడు.