బాక్సర్ కుక్కపిల్లకి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి

చిన్నూ, లల్లీ,

మీ అమ్మ పంపిన ఫొటోలు చూశాను. నల్ల మూతి, నుదుటి మీద ముడతలు, తెల్లటి పాదాలు, భలే ఉన్నాడు మీ రాజా. "తాతయ్యా, ఇల్లంతా తడిపేస్తున్నాడు, చేతులు కొరికేస్తున్నాడు, ఎలా నేర్పాలి?" అని అడిగారు కదా. కాస్త వివరంగానే రాస్తాను. దీన్ని అమ్మా నాన్నా, మీ నాన్నమ్మగారూ కూడా చదవాలి. ఇంట్లో తలా ఒక రకంగా చేస్తే ఏ కుక్కకీ ఏమీ రాదు.

ముందు పాస్ సంగతి. రెండు నెలల పిల్ల ఆపుకోలేదు. పగలు రెండు గంటలు ఆగితే గొప్పే. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆపగానే వస్తుంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ముక్కు నేలకి ఆనించి, వాసన చూస్తూ అక్కడక్కడే తిరుగుతున్నాడంటే ఇక క్షణాల్లో కానిచ్చేస్తాడు. వెంటనే ఎత్తుకుని రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. పని కాగానే, అక్కడే "శభాష్" అని శనగగింజంత ఉడికిన చికెన్ ముక్క పెట్టండి. లోపలికి తీసుకొచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటాడు. హాల్లో పోసేస్తే తిట్టొద్దు. మూతి అందులో అద్దమని ఎవరైనా పెద్దవాళ్లు చెప్పినా వినకండి. దానివల్ల వాడికి తెలిసేది ఒక్కటే, మీ కళ్ల ముందు పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్లి పోస్తాడు. తుడిచేటప్పుడు మాత్రం వాసన మిగలకుండా తుడవాలి, లేకపోతే మళ్లీ అదే చోటికి వస్తాడు.

ఇక వాడి జాతి గురించి. బాక్సర్‌ని 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో, మ్యూనిక్ ప్రాంతంలో తయారు చేశారు. వీటి పూర్వీకులు అడవి పందుల్ని పట్టి, వేటగాడు వచ్చేదాకా వదలకుండా ఉండే కుక్కలు. అందుకే నోటితో పట్టుకోవడం అంటే వీటికి అంత సరదా. పైగా ఏ ఆటకైనా ముందు కాళ్లు లేపుతాయి, మనుషుల మీదికి ఎగురుతాయి. మీ అసలు పని ఇక్కడే ఉంది. ఇప్పుడు మోకాలి దాకా ఎగిరితే అందరికీ ముద్దు. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలవుతాడు. అదే ఎగురుడు ఎగిరితే మీ నాన్నమ్మగారు పడిపోతారు. బుద్ధి మాత్రం రెండు మూడేళ్లు వచ్చేదాకా చిన్నపిల్లాడిదే.

కాబట్టి ఈరోజు నుంచే ఒక పద్ధతి పెట్టుకోండి. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే ముద్దు. మీరు స్కూల్ నుంచి రాగానే ఎగిరాడా, చేతులు కట్టుకుని పక్కకి తిరిగిపోండి. తోయొద్దు, అరవొద్దు, వాడికి అదీ ఆటే. కాళ్లు కింద పెట్టిన క్షణంలో వంగి నిమరండి. మళ్లీ ఎగురుతాడు, మళ్లీ తిరగండి. లల్లీ, నువ్వు పాటించి అన్నయ్య జాలిపడి ఎత్తుకుంటే మొదటికొస్తుంది. వచ్చిన చుట్టాలకి కూడా గుమ్మంలోనే చెప్పండి, మొహమాటపడొద్దు.

కొరకడానికీ ఇదే మందు. పళ్లు చేతికి తగలగానే ఆట ఆపి లేచిపోండి, అర నిమిషం తర్వాత నమిలే బొమ్మ ఇవ్వండి. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటే చిగుళ్లు సలుపుతాయి. అప్పుడు తడిబట్ట ముడి వేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వండి, నమిలేటప్పుడు దగ్గరే ఉండండి. పాత చెప్పు మాత్రం ఇవ్వొద్దు. ఏది పాతదో ఏది నాన్న ఆఫీసు బూటో వాడికేం తెలుస్తుంది!

"కూర్చో" అంటారో "సిట్" అంటారో ఇంట్లో అందరూ ఒకే మాట అనుకోండి. ఒకసారికి అయిదు నిమిషాలు చాలు.

టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించొద్దు. పార్వో అనే జబ్బు వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. అలాగని గదిలో పెట్టేయకండి. మూడున్నర నెలల లోపు చూసినవీ విన్నవీ వాడికి మామూలైపోతాయి. చంకనెత్తుకుని గేటు దగ్గర నిలబడండి. ఆటోలు, కూరగాయల బండివాడి కేక, గొడుగు వేసుకున్న మనిషి, కుక్కర్ విజిల్, అన్నీ అలవాటు కావాలి.

ఎండ విషయంలో నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు, రొప్పుతూ చల్లబడతాయి. బాక్సర్ ముక్కు పొట్టిది కాబట్టి ఆ పని సరిగా సాగదు. ఎండాకాలంలో వాకింగ్ తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే. బాగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుతూ, నాలుక ముదురు ఎరుపు రంగులోకి మారి తూలుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

చాక్లెట్, ద్రాక్ష, పాయసంలో కిస్‌మిస్, ఉల్లిపాయ, ఉడికిన కోడి ఎముకలు ముట్టనివ్వకండి. తిన్న వెంటనే పరుగులు పెట్టించకండి.

ఆదివారం ఫోన్ చేసి, ఎగరడం ఏమైనా తగ్గిందో లేదో చెప్పండి. టీకాల కార్డు ఫొటో కూడా పంపండి, మూడు నెలలు నిండాక వేయాల్సిన రేబిస్ టీకాకి డాక్టర్ ఏ తేదీ వేశారో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య